పదో కిలోమీటరు రాయి

నీష్
12 సెప్టెంబరు 1978

వుకొసావా అక్కకి,

జవాబు ఆలస్యమైంది. మూడు నెలలుగా నా బల్ల మీద ఒకే కాగితం తిష్ఠ వేసింది. అది మీ లోయ కాగితమే కనుక ఊరందరికంటే ముందు నీకు చెబుతున్నాను. మీ అయిదు ఊళ్ళకీ కలిపి ఒక వైద్యకేంద్రం ఖాయమైంది. ఒక నర్సు, ఒక జీపు, ఒక డ్రైవరు. వచ్చే ఏడు కట్టుబడి. ఎక్కడ కట్టాలో తేల్చే పని మా ప్రణాళికా కార్యాలయానికి వచ్చింది, కార్యాలయం నుంచి నాకు వచ్చింది.

లెక్క చూస్తే నీకు ముచ్చటేస్తుంది. పరీక్షలప్పుడు వంటింటి బల్ల మీద నువ్వు నేర్పినదే. మీ రోడ్డు ఒకటే, పక్కదారులు లేవు. దిగువన లూకా దగ్గర సున్నా పెట్టాను. బ్రెస్తొవొ మూడో కిలోమీటరు, మీ యసేనొవొ నాలుగు, రూదినె ఆరు, కొండ మీది ప్లానినిత్సా ఇరవై రెండు. ఒక్కో ఊళ్ళో అటూ ఇటూగా అరవై ఇళ్ళు, కనుక అన్నిటికీ ఒకే బరువు. కేంద్రం ఎక్స్ దగ్గర ఉందనుకుని, అక్కణ్ణించి ప్రతి ఊరికీ ఉన్న దూరాన్ని వర్గం చేసి, అయిదూ కూడాను. అవకలనం చేసి సున్నాకి సమానం చేస్తే ఎక్స్ విలువ ఏడు వచ్చింది. రెండో అవకలనం ధనాత్మకం, కాబట్టి అది కనిష్ఠమే. ఆ పరీక్ష మర్చిపోతే నువ్వు చెవి మెలేసేదానివి, అందుకని ముందే చేశాను.

ఏడో కిలోమీటరు. ముందుమాటలూ సంజాయిషీలూ అక్కర్లేని జవాబు. డైరెక్టరు గారికి కూడా నచ్చింది.

ఈసారి ఐవార్ మిరప పచ్చడి ఎన్ని సీసాలు పట్టావు? నాకు రెండు దాచు.

రాదె

*

యసేనొవొ
20 సెప్టెంబరు

ఒరేయ్ రాదె,

మిరపకాయలు కాల్చి తోలు ఒలుస్తుంటే నీ ఉత్తరం వచ్చింది. చేతులు మండుతున్నాయి. ఉత్తరం కూడా మండితే సర్దుకో.

ఏడో కిలోమీటరు దగ్గర ఎవరుంటారో నీకు తెలుసా? ఎవరూ ఉండరు. పొదలుంటాయి, వేసవిలో మేకలుంటాయి. రూదినె చివరి ఇల్లు దాటి కిలోమీటరు నడిస్తే గానీ నీ కనిష్ఠం రాదు. అయిదు ఊళ్ళవాళ్ళూ లేచి రావలసిన చోటు, ఒక్క ఊరికీ గుమ్మం కాని చోటు. మీ ఆఫీసులకి జనం మీద కంటే సగటు మీద ప్రేమ ఎక్కువ. ఉండదూ మరి? సగటుకి రోగం రాదు. సగటు సభలో లేచి నిలబడి ప్రశ్న అడగదు.

వర్గం ఎందుకు చేశావు? రోగి దూరాన్ని నడుస్తాడు గానీ దూరపు వర్గాన్ని నడవడు. ఎందుకు చేశావో నేనే చెబుతాను. ఉత్త దూరాలు కూడితే వచ్చే గీత నున్నగా ఉండదు. ముక్కలు ముక్కలుగా దిగి, ఒకచోట మొనదేలి, మళ్ళీ లేస్తుంది. మొన దగ్గర వాలు అనేదే ఉండదు, నీ అవకలనం అక్కడ నోరు మూసుకుంటుంది. దానికి నోరు పెగిలే గీత కావాలని నువ్వు దూరాల్ని వర్గాలు చేశావు. చెప్పు సరిపోలేదని కాలు చెక్కుకునేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. వాలు సున్నా అయిన చోటే కాదు, వాలు లేని చోట కూడా వెతకాలని ఆ వంటింటి బల్ల మీదే చెప్పానా లేదా?

నువ్వు చెయ్యని కూడిక నేను చేశాను. ఏడు దగ్గర పెడితే అయిదు ఊళ్ళ దూరాలూ కలిపి ముప్ఫై. నాలుగు దగ్గర పెడితే ఇరవై అయిదు. కనిష్ఠం నాలుగు దగ్గర ఉంది, మొన మీద, నీకు కనిపించకుండా.

కొట్టు దగ్గర ఈ మాట చెబితే వెలిమిర్ తాత ఏమన్నాడో విను. "టీచరమ్మా, నా గుండె ఇంటి దగ్గరే ఆగుతుంది. ఏడో కిలోమీటరు దాకా వెళ్ళి ఆగమని దానికి మీ తమ్ముడు కాగితం రాస్తాడా?" కొట్టంతా నవ్వింది. నేను నవ్వలేదు. జనం నవ్వి ఊరుకుంటారని తెలిసే మీరు ఇలాంటివి రాస్తారు.

నివేదిక దిద్దు.

అక్క

*

నీష్
3 అక్టోబరు

అక్కా,

కూడిక వరకు నీదే ఒప్పు. ముప్ఫై కంటే ఇరవై అయిదు తక్కువ, ఎవరూ కాదనలేరు.

కానీ నీ నాలుగో కిలోమీటరు రాయి ఎక్కడుంది? నాకు గుర్తున్నంతలో బడి గేటుకి ఎడమ పక్కన. నీ వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది. జనం, జనం అని నువ్వు ఎలుగెత్తిన న్యాయం నడుచుకుంటూ వచ్చి సరిగ్గా నీ గుమ్మంలో కూర్చుంది. కావాలని చేశావని అనను. లెక్క అలా వచ్చింది. నాకూ అలాగే వచ్చింది కదా.

ఇంకో మాట. ప్లానినిత్సాని ఇరవై రెండు నుంచి నలభైకి జరిపి చూడు. నీ జవాబు నాలుగే. చంద్రుడి మీదికి జరుపు, నాలుగే. పైన ఒక ఊరుందని మాత్రమే నీ కూడికకి తెలుసు. అది ఎంత దూరమో దానికి పట్టదు. నువ్వు తిట్టిన వర్గాలకి పడుతుంది. దూరాన ఉన్నవాడి గొంతు వర్గంలో పెద్దదవుతుంది. నా జవాబు మూడు కిలోమీటర్లు పైకి జరిగింది ఆ గొంతు వల్లే.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో ప్లానినిత్సా పేరు ఒక్కసారి కూడా లేదు.

నివేదిక దిద్దను.

రాదె

*

యసేనొవొ
15 అక్టోబరు

రాదె,

నా కిటికీ లెక్క నువ్వు చూశావు, బాగుంది. ఇప్పుడు నీ కిటికీ లెక్క నేను చూస్తాను.

మొన్న శనివారం రూదినె దాటి నడిచాను. పొదలు కొట్టేశారు. సున్నంతో గీతలు గీశారు, పునాదులు తవ్వుతున్నారు. "ఏం కడుతున్నారయ్యా?" అంటే మేస్త్రీ చెప్పాడు: "అటవీ సంస్థ వాళ్ళ విశ్రాంతి గృహం, వేటకి వచ్చే పెద్దమనుషులకి. నలభై గదులు. కరెంటు వస్తోంది, నీళ్ళు వస్తున్నాయి. పక్కనే నర్సు కూడా ఉంటుందట, బయటి దేశపు అతిథులు ముందు అదే అడుగుతారట." పక్కన కిలోమీటరు రాయి ఉంది. ఏడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాడిలా వర్గాల గురించి పేజీన్నర రాశావు. దూరాన ఉన్నవాడి గొంతట! అడవిపందిని కాల్చడానికి వచ్చేవాడి గొంతు గురించి రాయలేదేం? ఒకటే అడుగుతున్నాను. చోటు ముందా, లెక్క ముందా?

నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నాలుగు ఊళ్ళు తిరిగి నాలుగో కిలోమీటరుకి రెండువందల పన్నెండు సంతకాలు పట్టాను. డిసెంబరు సభలో పెడతాను.

అక్క

*

నీష్
22 అక్టోబరు

అక్కా,

చోటు ముందు.

జూన్‌లో డైరెక్టరు గారు నా గదికి వచ్చి, "రాదె, ఏడు దగ్గర సున్నా అయ్యే లెక్క ఏదైనా ఉందేమో చూడవోయ్" అన్నారు. తిండి బాగుందా అని అడిగినంత మామూలుగా. మొదట దూరాలు కూడాను, నాలుగు వచ్చింది. తర్వాత అందరికంటే దూరమైనవాడికి ఎంత తగ్గించగలనో చూశాను, నడిమధ్య పదకొండు వచ్చింది. వర్గాలు చేస్తే ఏడు వచ్చింది. అది వచ్చినప్పుడు నాకు ఎంత హాయి అనిపించిందో నీకు చెప్పలేను. అబద్ధం ఆడకుండానే పని అయిపోయింది.

దూరాన ఉన్నవాడి గొంతు అన్న వాదన తర్వాత దొరికింది. అది నిజమే. అయినా తర్వాత దొరికింది.

నేను జవాబు చెప్పాను, ఇప్పుడు నువ్వు చెప్పు. రెండువందల పన్నెండులో ప్లానినిత్సావి ఎన్ని?

రాదె

*

యసేనొవొ
5 నవంబరు

రాదె,

ఒక్కటీ లేదు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. ముందే చెప్పి ఉంటే మనం ఇన్ని ఉత్తరాలు తగలేసేవాళ్ళం కాదు. ఆగస్టు చివర ప్లానినిత్సా నుంచి స్మిల్యా మా ఇంటికి వచ్చింది. నా దగ్గర ఎనిమిదో తరగతి దాకా చదివిన పిల్ల, నీకు గుర్తుండదు. ఇద్దరు బిడ్డల్ని కాన్పులో పోగొట్టుకుంది. ఇప్పుడు మూడోసారి. ఫిబ్రవరి నడిమికి నెలలు నిండుతాయి. వైద్యకేంద్రం వస్తోందన్న పుకారు విని, "సభలో మా ఊరి గురించి ఒక్క మాట అనండి టీచరమ్మా" అని అడగడానికి వచ్చింది. అంటానన్నాను. తర్వాత నీ ఉత్తరం వచ్చింది, నా కోపం నాకు వచ్చింది. కోపం వస్తే నాకు లోకమంతా కనిపిస్తుంది, మనుషులు కనిపించరు.

నీ ప్రశ్న చదివిన మర్నాడు కొండెక్కాను. బస్సు రూదినె దాకానే. అక్కణ్ణించి తిహొమిర్ దుంగల లారీ. స్మిల్యా మొగుడు జివొయిన్ కట్టెలు కొడుతున్నాడు. "నడిచొచ్చారా, బండి మీదా?" అన్నాడు. తిహొమిర్ లారీ అన్నాను. "అయితే నడిచినట్టే" అన్నాడు.

స్మిల్యా కాఫీ పెట్టింది. కప్పు నా ముందు పెడుతూ అంది: "సంతకాలు రూదినె దాకా వచ్చాయట. పైకి రాలేదేం? సిరా అయిపోయిందా?"

లెక్క చెప్పబోయాను. నాలుగు దగ్గర అయిదు ఊళ్ళకీ కలిపి ఇరవై అయిదు కిలోమీటర్లేనని, అంతకంటే తక్కువ ఎక్కడా రాదని.

"అందులో మాది ఎంత?"

"పద్దెనిమిది."

"పాతికలో పద్దెనిమిది మావేనా? బాగుంది. మిగతా ఏడూ నలుగురూ పంచుకుంటారన్నమాట." తర్వాత బస్సు వేళలు చెప్పే గొంతుతోనే చెప్పింది. "మొదటి బిడ్డ పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర పోయింది. రెండోది లూకా దాకా వచ్చింది. ఊపిరి ఉందని డ్రైవరు అన్నాడు, నేను చూడలేదు. పట్నం డాక్టరు చెప్పాడు, నాకు రక్తం మొదలైతే అరగంటలో సూది పడాలని. అరగంట దాటితే ఈసారి నేను కూడా ఉండనని."

నేనొక మంచి మాట అన్నాననుకున్నాను. "జనవరిలో వచ్చి మా ఇంట్లో ఉండు. గది ఖాళీగానే ఉంది" అన్నాను.

నవ్వింది. "కేంద్రాన్ని కదపలేక నన్ను కదుపుతున్నారా? ఈ కొండ మీద కనే వయసువాళ్ళం పద్నాలుగు మందిమి ఉన్నాం. మంచాలు ఎన్ని ఉన్నాయి టీచరమ్మా?"

ముప్ఫై ఏళ్ళుగా దానధర్మాల మీద ఉపన్యాసాలిచ్చిన నోరు నాది. హక్కుగా రావలసినది దయగా ఇచ్చేవాడు దొంగ అని మే దినాన ఎన్నిసార్లు అన్నానో. ఆ నోటితోనే గది ఇస్తానన్నాను. జివొయిన్ గొడ్డలి పక్కన పెట్టి లోపలికొచ్చి, మా ఇద్దరి మొహాలూ చూసి, మళ్ళీ కట్టెల దగ్గరికి వెళ్ళిపోయాడు.

తర్వాత స్మిల్యా అన్నది నీకు అక్షరం పొల్లు పోకుండా రాస్తున్నాను. "నన్ను మీ కూడికలో వెయ్యకండి. వేస్తే నేను అయిదింట్లో ఒకదాన్ని అవుతాను. నాకు కావలసింది అరగంట. అది ఇచ్చేసి, ఆ తర్వాత కేంద్రం ఎవరికి దగ్గరగా కావాలంటే వాళ్ళకి పెట్టుకోండి. నేను అడగను."

దిగేటప్పుడు తిహొమిర్‌ని అడిగాను, మంచులో, గొలుసులు కట్టిన జీపు అరగంటలో ఎంత దూరం పోతుందని. "పన్నెండు. పదమూడు అన్నవాడు అబద్ధాలకోరు."

లారీలో కూర్చుని ఆలోచించాను. రాదె, నువ్వు చేసిందీ నేను చేసిందీ ఒకటే తప్పు. నువ్వు వర్గం చేశావు, నేను చెయ్యలేదు, అంతే తేడా. ఇద్దరం ప్రాణాన్ని కూడికలో వేశాం. కూడికలో పడినది దేనికైనా బదులు పోతుంది. స్మిల్యాకి పోయిన పది నిమిషాలు లూకాలో జలుబు చేసినవాడికి మిగిలిన పది నిమిషాలతో కొట్టేసుకుపోతాయి, కాగితం మీద సున్నా వస్తుంది, మనం చేతులు దులుపుకుంటాం. హక్కు ఉండవలసింది కూడికలో కాదు, కంచెలో. ముందు కంచె వెయ్యి: ఏ ఇల్లూ పన్నెండు కిలోమీటర్లు దాటకూడదు. దాని లోపల నీ ఇష్టమొచ్చినదాన్ని కనిష్ఠం చేసుకో. ఆ కంచే చేను మెయ్యకుండా చూడు, అదొక్కటే నీ పని.

సంతకాల కాగితాలు పొయ్యిలో పెట్టలేదు. ప్రతి ఇంటికీ తిరిగి వెళ్ళి, తప్పు లెక్కకి సంతకం పెట్టించానని చెబుతున్నాను. రూదినెలో ఒకాయన తలుపు వేసేశాడు.

అక్క

*

నీష్
23 నవంబరు

అక్కా,

కంచె వేశాను.

లూకాకి పన్నెండు దాటకూడదంటే కేంద్రం పన్నెండో కిలోమీటరు లోపు ఉండాలి. ప్లానినిత్సాకి దాటకూడదంటే పదో కిలోమీటరుకి కిందకి రాకూడదు. మిగిలింది రెండు కిలోమీటర్ల రోడ్డు. ఆ రెండింటిలో నీ దూరాల కూడికనే కనిష్ఠం చేశాను, వర్గాలు చెయ్యలేదు. అక్కడ వాలు ఎక్కడా సున్నా కాదు. నాలుగు ఊళ్ళు కిందికి లాగుతాయి, ఒకటి పైకి. గీత పది వైపుకే దిగుతుంది, ఇంకా దిగాలనే చూస్తుంది, పది దగ్గర కంచె తగిలి ఆగుతుంది. కనిష్ఠం అదే. సున్నా కోసం వెతికేవాడికి జన్మలో దొరకని జవాబు.

పన్నెండు కిలోమీటర్ల మాటని మొదటి పేజీలో నియమంగా రాశాను, సూచనగా కాదు. నియమం మీద సభలో ఓటు ఉండదు, చోటు మీదే ఉంటుంది. పంపే ముందు డైరెక్టరు గారి సంతకం కావాలి. మొన్న ఇరవై ఒకటిన ఆయన ఇంట్లో ఇంటిదేవుడి పండగ. కమ్యూనిస్టు పార్టీ మనిషి దేవుడి పండగ చేసుకోకూడదు కనుక ఆ రోజు ఆయనకి ప్రతి ఏడూ జ్వరం వస్తుంది. ఆయన జ్వరంలో ఉండగా నా ఒక్కడి సంతకంతో మున్సిపాలిటీకి పంపేశాను.

నిన్న పిలిచారు.

"ఇదెవరి లెక్క?"

"మా అక్కది."

"మీ అక్కది ఏ ఊరు?"

"నాలుగో కిలోమీటరు."

"మరి పది అడుగుతోందేం?"

ఆయన కాగితాలు మళ్ళీ మొదటి పేజీ నుంచి తిరగేశారు. అందులో తప్పు వెతుకుతున్నారని అర్థమైంది. ఆయన కూడా లెక్కల మనిషే, అక్కా. వెతికితే దొరకదని ఆయనకే ముందు తెలిసింది.

రాదె

*

యసేనొవొ
10 డిసెంబరు

రాదె,

సభ అయింది. సాంస్కృతిక భవనంలో పొయ్యి కంటే చుట్టల పొగే వెచ్చగా ఉంది. మున్సిపాలిటీ గుమాస్తా మొదటి పేజీ చదివాడు. చదవడం పూర్తికాకుండానే లూకావాళ్ళు లేచారు.

"పది కిలోమీటర్లా? మేం ఏం పాపం చేశాం?"

"దిగువన పుట్టారు, అదే" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

వెలిమిర్ తాత నావైపు తిరిగాడు. "టీచరమ్మా, మొన్నటిదాకా నాలుగన్నారు. నా చేత సంతకం పెట్టించారు."

"పెట్టించాను. లెక్క తప్పు."

"లెక్క తప్పితే పిల్లలకి సున్నా వేస్తారుగా?"

"నాకూ వెయ్యండి."

"వేశాం. కూర్చోండి."

కూర్చోలేదు. వాదించాను. ఎంతసేపో తెలియదు, గుమాస్తా రెండుసార్లు గడియారం చూశాడు. స్మిల్యా మూడో వరసలో ఉంది, కోటు బొత్తాలు పట్టక విప్పి కప్పుకుంది. ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె ఎందుకు మాట్లాడాలి? బతకడానికి ప్రతిసారీ లేచి నిలబడి కారణం చెప్పుకోవలసినవాళ్ళు లోకంలో ఎప్పుడూ ఒకే తరహావాళ్ళు. ఈసారి కారణం మనం చెప్పాలి అన్నాను. కొందరు తలలు దించుకున్నారు. కొందరు నాకేసి ఈగని చూసినట్టు చూశారు.

వాళ్ళని మార్చింది నా ఉపన్యాసం అనుకోకు. నియమం మీద ఓటు లేదని గుమాస్తా మూడోసారి చెప్పేసరికి లూకా పెద్దాయన బల్ల గుద్దాడు. "అయితే పది! పదికి ఒక్క అడుగు పైకి జరిగినా ఊరుకోం!" బ్రెస్తొవొ, రూదినె, మావాళ్ళు, అందరూ పది, పది అని అరిచారు. పైవాళ్ళు పన్నెండు అడిగారు. చేతులు లెక్కపెట్టారు. పదికి రెండువందల ఒకటి, పన్నెండుకి యాభై ఎనిమిది.

ఒక్కరూ అవకలనం చెయ్యలేదు. ఎవడి వైపుకి వాడు లాగాడు. సరిగ్గా నీ జవాబు దగ్గర ఆగింది. మనుషులు మంచివాళ్ళయ్యే దాకా ఆగాలని చెప్పేవాళ్ళకి ఇది చూపించాలి.

కట్టుబడి వచ్చే శరదృతువుకి గానీ అవదని మున్సిపాలిటీ అధ్యక్షుడు గొణిగాడు. పదో రాయి దగ్గర రోడ్డు కూలీల గుడిసె ఉంది. అందులో పొయ్యి ఉంది, ఫోను ఉంది. నర్సు రొక్సాందా వెనక నుంచి అంది: "నాకు గోడలకి రంగులక్కర్లేదు. పొయ్యి మండితే చాలు." జనవరి ఒకటి నుంచి గుడిసెలోనే. జీపుకి తిహొమిర్‌ని పెట్టారు.

ఇంటికి వెళ్ళేటప్పుడు స్మిల్యా నా పక్కన కొంచెం దూరం నడిచింది. "బాగా అరిచారు" అంది. అంతే.

అక్క

*

నీష్
30 జనవరి 1979

అక్కా,

నన్ను పటాల భాండాగారానికి మార్చారు. నేలమాళిగ. చల్లగా ఉంటుంది, ఎవరూ రారు, పాత పటాలకి నంబర్లు వేస్తాను. నువ్వు బాధపడతావని చెప్పలేదు, ఇప్పుడైనా పడకు. ఏ అంకె రావాలో ముందే చెప్పేవాళ్ళు ఇక్కడ లేరు.

పై అంతస్తు నుంచి ఒక కబురు మాత్రం దిగింది. మార్చిలో కమిటీ కూర్చుంటోంది. గుడిసె తాత్కాలికం కనుక, "సేవ ఎంత త్వరగా అందుతోందో" చూసి, ఏడో కిలోమీటరుకి మార్చాలా వద్దా తేలుస్తారట. విశ్రాంతి గృహానికి పైకప్పు పడిందట. వాళ్ళు అడగబోయేది సగటు సమయం. సగటు తీస్తే ఏడే గెలుస్తుంది, నేను వేసి చూశాను. ఊరికి సగటు దూరం నీ పది నుంచి ఏడున్నర కిలోమీటర్లు దాటుతుంది, వాళ్ళ ఏడు నుంచి ఆరే. తేడా కొంచెమే, కానీ కొంచెం చాలు వాళ్ళకి.

తిహొమిర్ బండి పుస్తకంలో ప్రతి పిలుపుకీ బయల్దేరిన వేళ, చేరిన వేళ ఉంటాయి. అవి ఎత్తి రాసి పంపు. ఏదో ఒకటి చేస్తాను. ఏం చెయ్యగలనో తెలియదు.

స్మిల్యా ఎలా ఉంది?

రాదె

*

యసేనొవొ
21 ఫిబ్రవరి

రాదె,

పుస్తకం ఎత్తి రాసిన కాగితం ఇందులో ఉంది. మొత్తం పదహారు పిలుపులు. లూకా నుంచి అయిదు, అన్నీ ఇరవై, ఇరవై ఒక్క నిమిషాలు. వాటిలో రెండు దగ్గు, ఒకటి తాగి పడినవాడు. బ్రెస్తొవొ నాలుగు, రూదినె మూడు. మా ఊరివి మూడు, అందులో ఒకటి వెలిమిర్ తాతది. గుండెలో నొప్పి. జీపు పదమూడు నిమిషాల్లో వచ్చింది. బతికాడు. బతికి, ఊపిరి ఆడగానే నాకు కబురు పెట్టాడు: "టీచరమ్మతో చెప్పండి, పక్కనే ఉంటే ఒక్క నిమిషంలో వచ్చేవాళ్ళు. ఆ పన్నెండు నిమిషాల నొప్పీ ఆవిడ ఖాతాలో రాసుకోమనండి." నిజమే. రాసుకున్నాను. కంచె ఎవరో ఒకరి పొలం మీదుగానే వెళుతుంది. అలా వెళ్ళదని చెప్పేవాడు ఎన్నికల్లో నిలబడుతున్నాడన్నమాట.

ప్లానినిత్సా నుంచి వచ్చిన పిలుపు ఒక్కటే. ఫిబ్రవరి పదిహేడు, ఉదయం పదకొండు దాటి ఎనిమిది నిమిషాలు. అటవీ రక్షకుడి ఇంటి నుంచి జివొయిన్ ఫోను చేశాడు. ముందు రోజు నుంచీ మంచు పడుతూనే ఉంది. తిహొమిర్ గొలుసులు కట్టే ఉంచాడు. చేరేసరికి రక్తం మొదలై అరగంట కావస్తోందని రొక్సాందా చెప్పింది. సూది వేసింది. గంటన్నర తర్వాత ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలకి కొంచెం తక్కువ. నేను ఆదివారం వెళ్ళి చూశాను. స్మిల్యా మంచం మీద కూర్చుని సూప్ తాగుతోంది, ఉప్పు తక్కువైందని మొగుణ్ణి తిడుతోంది.

ఏడు నుంచి అయితే ఎంత పట్టేదని తిహొమిర్‌ని అడిగాను. వేళ్ళ మీద లెక్కపెట్టి, "అరగంట దాటేది" అని జీపు కింద దూరాడు.

కాగితంలో ప్లానినిత్సా వరస చివర విడిగా రాశాను. దాన్ని మిగతా పదిహేనింటితో కలిపి కూడకు, పదహారుతో భాగించకు. కమిటీ సగటు అడుగుతుంది. నువ్వు గరిష్ఠం చెప్పు.

ఇరవై ఆరు నిమిషాలు.

అక్క